తాతగారి ఇంటి స్విచ్‌లు కొత్త ఫ్లాట్‌లో వాడుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బర్కత్‌పురాలో తాతగారి ఇల్లు కూలగొట్టే ముందు పదకొండు గుండ్రటి స్విచ్‌లు జాగ్రత్తగా విప్పించి దాచుకున్నారు. నాలుగు ఇత్తడివి, ఏడు నల్ల బేకలైట్‌వి (పాతకాలపు గట్టి ప్లాస్టిక్). వాటితోపాటు రెండు ఇత్తడి హోల్డర్లు, రెండు పిన్నుల సాకెట్లు మూడు, హాల్లో వేలాడిన గాజు హండీ దీపం ఒకటి. కొండాపూర్‌లో కొన్న ఫ్లాట్‌లో ఇప్పుడు వైరింగ్ మార్పిస్తున్నారు, అవన్నీ అక్కడ పెట్టించాలని మీ కోరిక. మీ ఎలక్ట్రీషియన్ చూసి "ఇవన్నీ స్క్రాప్ మేడమ్" అన్నాడు. మీ అన్నయ్యగారేమో "అరవై ఏళ్లు పనిచేసినవి, ఇప్పుడు కొత్తగా ఏమవుతాయి" అన్నారు. ఎవరి మాట వినాలి?

నేను హైదరాబాద్‌లో 34 ఏళ్లుగా వైరింగ్ పనులు చేస్తున్నాను. అందులో సగానికి సగం పాత ఇళ్లే. మీరు వాటిని పారేయకుండా దాచినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున పవర్ హౌస్ 1920లో వచ్చిన ఊరు మనది. ఆ తర్వాత రెండు మూడు తరాలు ఇళ్లలో వాడిన సామాను చాలావరకు కిలోల లెక్కన కరిగిపోయింది. మిగిలిన కొద్దిపాటిని బతికించుకోవాలి. అయితే ఆ ఇంట్లో మనుషులు కూడా క్షేమంగా ఉండాలి కదా, అందుకే ఈ సమాధానం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు నేను తేల్చింది చెప్తాను. ఇత్తడి స్విచ్‌లు నాలుగూ గోడ మీద పెట్టుకోండి, కానీ వాటిలోంచి 230 వోల్టుల కరెంటు పోనివ్వకండి. దానికో మంచి పద్ధతి ఉంది, కింద రాస్తాను. బేకలైట్‌వి ఒక్కొక్కటి విప్పి చూసి, మెగ్గర్ (కరెంటు లీకవుతుందేమో కొలిచే మీటర్) పెట్టి, నెగ్గినవి మాత్రం లైట్లకు వాడుకోవచ్చు. హండీ దీపం నిక్షేపంగా వాడుకోవచ్చు, లోపల వైరూ హోల్డరూ మార్చాక. రెండు పిన్నుల సాకెట్లు మాత్రం షోకేసులో పెట్టుకోండి. వాటికి కరెంటు ఇవ్వడం నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను.

"అరవై ఏళ్లు పనిచేసింది" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఆ రోజుల్లో ఇంటికి నాలుగైదు బల్బులు, ఒకటో రెండో ఫ్యాన్లు. టేకు బ్యాటెన్ మీద వైరు, టేకు రౌండ్ బ్లాక్ మీద స్విచ్, దాని వెనక డంగు సున్నం గోడ. ఇత్తడి స్విచ్‌కి ఎర్త్ లేదు, చాలావాటికి ఎర్త్ స్క్రూ కూడా ఉండదు. చెక్క మీద కూర్చుంది కాబట్టి లోపల లీకేజీ ఉన్నా ఆ కరెంటు పోవడానికి దారి లేదు, అందుకే ఎవరికీ తెలియలేదు. తడి కాళ్లతో నిలబడి ఎవరైనా ముట్టుకున్నప్పుడే ఆ దారి ఏర్పడుతుంది.

1999 వానాకాలం సంగతి చెప్తాను. పద్మారావునగర్‌లో ఒక పాత మేడ. ఆ ఇంటి మామ్మగారు "వంటింటి స్విచ్ ముట్టుకుంటే జిల్లుమంటోంది నాయనా" అని కబురు పంపారు. అంతకుముందే ఎవరో వచ్చి టెస్టర్ ఆనించి, సన్నగా వెలుగుతోంది, గోడ తడి వల్లే, ఎండలొస్తే తగ్గిపోతుంది అని చెప్పి వెళ్లారట. మెయిన్ తీసి స్విచ్ మూత విప్పాను. వేలితో కదిపే ఇత్తడి పుల్లకీ, లోపల కరెంటు మోసే కాంటాక్టుకీ మధ్య అడ్డుగా ఎర్రటి ఫైబర్ ముక్క ఉంటుంది. అది చెమ్మ పీల్చి పీల్చి, గోరుతో గీస్తే కుంకుడుకాయ పొడిలా రాలిపోయింది. అంటే పుల్ల, మూత, మూతకున్న స్క్రూ అన్నీ ఫేజ్‌లోనే, అంటే కరెంటు తెచ్చే వైరుకి కలిసే ఉన్నాయి. కింద అప్పుడే కడిగిన షాబాద్ బండలు. ఇన్నాళ్లూ ఎలా వేస్తున్నారమ్మా అని అడిగితే, రెండు వారాలుగా చెక్క గరిటె కాడతో వేస్తున్నానన్నారు. ఆ మాటకి నాకు వెన్నులో చలి పుట్టింది. అప్పటినుంచి ఇత్తడి పుల్ల ఉన్న స్విచ్‌ని నేను నేరుగా 230 వోల్టుల మీద పెట్టలేదు. ఫైబర్ ముక్క చూడ్డానికి బాగున్నా సరే పెట్టను, అది ఎప్పుడు పాడవుతుందో బయటినుంచి తెలిసే దారి లేదు.

ఇక బేకలైట్ స్విచ్‌లు. వీటి అడుగు భాగం పింగాణీ, మూతా పుల్లా బేకలైట్, చేతికి లోహం తగలదు. అందుకే వీటికి అవకాశం ఇవ్వొచ్చంటున్నాను. టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచి ఒక్కోటి విప్పండి. మూత ఎడమవైపు తిప్పితే మర ఊడుతుంది. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకండి, పాత బేకలైట్ బిస్కెట్‌లా విరుగుతుంది. విప్పగానే ముందు దుమ్ము, చీమల మట్టి, ఎండిపోయిన బల్లి గుడ్లు కనిపిస్తాయి. మెత్తటి బ్రష్‌తో దులపండి, నోటితో ఊదకండి. బేకలైట్ పెచ్చులూడి ఉంటే గీకడం, సాండ్ పేపర్ పెట్టడం, డ్రిల్ చేయడం అసలు వద్దు. పాతకాలపు బేకలైట్‌లో, ఫ్యూజు బోర్డుల్లో అక్కడక్కడా ఆస్‌బెస్టాస్ కలిపేవారు, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. అలాంటిది నేరుగా పక్కన పెట్టేయండి.

తర్వాత పింగాణీ చూడండి. వెలుతురుకి అడ్డంగా పట్టి తిప్పితే వెంట్రుకవాసి పగుళ్లు తెలుస్తాయి. పగులు ఉంటే తీసేయండి, ఫెవిక్విక్‌తో అతికించి వాడేది కాదు. కాంటాక్టుల దగ్గర నల్ల మచ్చ కొద్దిగా ఉండడం మామూలే. ఇత్తడి మీద నీలం, ఊదా రంగులు తేలి ఉంటే అది ఎప్పుడో బాగా వేడెక్కిందని అర్థం, దాని స్ప్రింగుకి కూడా బిగువు పోయి ఉంటుంది.

స్ప్రింగు పరీక్ష మీరే చేయొచ్చు. స్విచ్ చేతిలో పట్టుకుని, ఏ కరెంటూ లేకుండా, పుల్లని చాలా నెమ్మదిగా కిందికి నొక్కండి. మంచి స్విచ్ సగం దూరం దాకా మీ వేలికి ఎదురు తిరిగి, ఆ తర్వాత మీ చేతిలో లేకుండా తనే "టక్" మని పడిపోతుంది. చచ్చుబడిన స్విచ్ మీరు ఆపిన చోటే ఆగుతుంది. అలా మధ్యలో ఆగే స్విచ్‌లో కాంటాక్టులు అంటీ అంటనట్టు ఉండి నిప్పురవ్వలు పుడతాయి, చెవి దగ్గర పెడితే చిరచిరలాడే చప్పుడు వినిపిస్తుంది. మీ ఏడింటిలో రెండు మూడు ఈ పరీక్షలోనే ఫెయిలవుతాయని నా అంచనా. వాటికి కుట్టుమిషన్ నూనె పోసి బాగుచేద్దామని చూడకండి. నూనెకి దుమ్ము పట్టి కొన్నాళ్లకి కరెంటు పారే దారి తయారవుతుంది.

మిగిలినవాటికి మెగ్గర్ కావాలి. మామూలు మల్టీమీటర్ చాలదు, టెస్టర్ అసలు చాలదు. 500 వోల్టుల మెగ్గర్‌తో ఆఫ్‌లో ఉన్నప్పుడు రెండు టెర్మినల్స్ మధ్య ఒకసారి, ఆన్‌లో ఉన్నప్పుడు టెర్మినల్స్‌కీ గోడకు బిగించే స్క్రూకీ మధ్య ఒకసారి, టెర్మినల్స్‌కీ అల్యూమినియం రేకు చుట్టిన మూతకీ మధ్య ఒకసారి చూడాలి. ఇంటి వైరింగ్ మొత్తానికి కనీసం 1 మెగాఓమ్ ఉండాలన్నది పాత లెక్క. ఒక్క స్విచ్‌కి నేను దానితో తృప్తిపడను. 100 మెగాఓమ్‌లు దాటితేనే గోడ మీద పెడతాను, ఆరిన పింగాణీ దాన్ని తేలిగ్గా దాటుతుంది. దాటకపోతే రెండు రోజులు ఎండలో పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ దాటకపోతే దాని పని అయిపోయినట్టే.

నెగ్గినవాటికి కూడా లైట్లు మాత్రమే ఇవ్వండి. వాటి మీద 5 యాంపియర్ అని రాసి ఉన్నా గీజరు, ఇస్త్రీపెట్టె, ఏసీ దరిదాపులకి కూడా తేవద్దు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు లాగేది యాంపియర్‌లో పదో వంతు కూడా ఉండదు, ఆ స్విచ్‌కి అది తేలిక. అలాగని ఒక్క స్విచ్ మీద ఇరవై ఎల్ఈడీలు కట్టకండి. ఆన్ చేసిన క్షణంలో అవన్నీ కలిసి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి, పాత కాంటాక్టులు ఆ దెబ్బకి అతుక్కుపోతాయి. నాలుగైదు బల్బులతో ఆపండి.

టెర్మినల్స్ విషయం చాలామంది వదిలేస్తారు. ఆ స్విచ్‌లు 1/18, 3/22 వైర్ల కాలంవి. మన మేస్త్రీలు ఇప్పటికీ ఆ పేర్లు వాడతారు. 3/22 అంటే సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు. ఇప్పుడు లైట్లకి 1.5 వాడతాం, అది ఆ రంధ్రంలో కొంచెం బిగుతుగా పడుతుంది. 2.5 వైరు పట్టదు. పట్టలేదని నాలుగు పోగులు కత్తిరించి దూర్చేవాళ్లని చూశాను. అది లూజ్ కనెక్షన్‌కి, ఆపైన మంటకి దారి. ఒక టెర్మినల్‌కి ఒకటే వైరు ఇవ్వండి, లూపింగ్ (అక్కణ్నుంచి ఇంకో స్విచ్‌కి వైరు తీసుకెళ్లడం) వెనక బాక్సులో కనెక్టర్‌తో చేయించండి. ఇంకోటి, స్విచ్ ఫేజ్ మీదే ఉండాలి. పాత ఇళ్లలో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ రెండింటికీ ఫ్యూజులు పెట్టేవాళ్లు, స్విచ్‌లు న్యూట్రల్‌లో పడ్డ ఇళ్లు కూడా లెక్కలేనన్ని. స్విచ్ ఆఫ్ చేసి బల్బు మారుస్తూ షాక్ తిన్న ప్రతి ఇంట్లో నాకు కనిపించిన తప్పు ఇదే.

పాత టేకు రౌండ్ బ్లాక్ అందం కోసం ఉంచుకోవచ్చు. కానీ దాని వెనక బోలు ఖాళీలో జాయింట్లు వదలకూడదు. గోడలో మామూలు పీవీసీ లేదా ఇనుప బాక్సు దింపి, దాని మీద బ్లాక్ బిగించి, జాయింట్లన్నీ బాక్సు లోపలే ఉండేలా చూసుకోండి. బ్లాక్‌కి చెదలు పట్టి ఉంటే అదే కొలతలో కొత్తది చేయించుకోండి, సికింద్రాబాద్ వైపు లేత్ మీద చెక్క పని చేసేవాళ్లు ఒక పూటలో చేసిస్తారు.

ఇప్పుడు ఇత్తడి స్విచ్‌ల సంగతి. నేను ఎక్కువగా చేసే పద్ధతి ఇది. మీ డీబీలో (ఇంటి ఎంసీబీలన్నీ ఉండే బోర్డు) చిన్న 24 వోల్టుల డీసీ సప్లై ఒకటి, ఒక్కో లైటు సర్క్యూట్‌కి 24 వోల్టుల కాయిల్ ఉన్న రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఒకటి పెట్టిస్తారు. డీబీనుంచి ఇత్తడి స్విచ్ దాకా వెళ్లేది ఆ 24 వోల్టుల సన్న వైర్లే. మీరు పుల్ల నొక్కితే రిలే పడుతుంది, 230 వోల్టుల కరెంటుని రిలే చూసుకుంటుంది. పుల్ల మునుపటిలాగే "టక్" మంటుంది, తాతగారి వేళ్లు తగిలిన చోటే మీ వేళ్లు తగులుతాయి. లోపల ఫైబర్ ముక్క రేపు పొడైపోయినా చేతికి తగిలేది 24 వోల్టులే. రిలే కాయిల్ తినేది ఒక వాట్ లోపే. 5 వోల్టులతో చేస్తామంటే ఒప్పుకోకండి. పాత ఇత్తడి కాంటాక్టుల మీద సన్నటి పొర ఉంటుంది, మరీ తక్కువ వోల్టేజీ దాన్ని దాటలేక లైటు ఒకసారి వెలిగి ఒకసారి వెలగదు. కాంటాక్టుల మధ్య గట్టి కాగితం ముక్క పెట్టి నాలుగుసార్లు లాగితే ఆ పొర పోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈమధ్య స్విచ్ వెనక బాక్సులో పెట్టే వైఫై రిలేలు వస్తున్నాయి, మీ ఎలక్ట్రీషియన్ "అదే పని ఇది కూడా చేస్తుంది" అనొచ్చు. చెయ్యదు. వాటిలో చాలావాటికి స్విచ్ కలిపే టెర్మినల్ కూడా ఫేజ్ మీదే ఉంటుంది, ఇత్తడి పుల్లకి మళ్లీ అదే ప్రమాదం. మనకి కావలసింది మెయిన్స్‌నుంచి పూర్తిగా వేరుచేసిన సప్లై. దాని వైర్లు 230 వోల్టుల వైర్లున్న పైపులో కలవకూడదు, వాటికి వేరే పైపు కావాలి. ఆ సప్లై ఎప్పుడైనా పోతే ఇల్లంతా చీకటి కాకుండా హాల్లో ఒక లైటు, బాత్రూమ్ లైట్లు మామూలు మాడ్యులర్ స్విచ్ మీదే ఉంచండి. బాత్రూమ్ దగ్గర, వంటింటి సింకు దగ్గర పాత సామాను ఏదీ వద్దు.

హండీ దీపం విషయానికొస్తే, బరువు వైరు మీద పడకూడదు. స్లాబ్‌లోని ఫ్యాన్ హుక్కుకి గొలుసు తగిలించి, వైరు గొలుసు వెంట వదులుగా రావాలి. పాత గుడ్డ వైరు చూడ్డానికి ఎంత బాగున్నా లోపలి రబ్బరు మట్టిలా అయిపోయి ఉంటుంది, వంచితే రాలుతుంది. ఇప్పుడు గుడ్డ అల్లిక ఉన్న కొత్త పీవీసీ వైర్లు మూడు కోర్లవి దొరుకుతున్నాయి, అది తీసుకోండి. మూడో కోరు ఎర్త్‌కి. హండీ ఇత్తడి కప్పుకీ, గొలుసుకీ, ఇత్తడి హోల్డర్‌కీ లగ్ (వైరు కొసకి తొడిగే లోహపు ముక్క) వేసి గట్టిగా బిగించాలి. మీ రెండు హోల్డర్లలో లోపలి పింగాణీ గట్టిగా ఉండి, పిన్నుల స్ప్రింగులు లేచి పడుతుంటే, ఎర్త్ ఇవ్వడానికి వీలుంటే వాడండి. లేకపోతే ఇత్తడి చిప్ప ఉంచి లోపల కొత్త హోల్డర్ వేయించండి, బయటికి తేడా తెలియదు. మర బల్బు హోల్డర్ అయితే ఫేజ్ మధ్య బొడిపెకే రావాలి, మరకి కాదు. గాజు గోళం మూసి ఉంటే 5, 7 వాట్ల ఎల్ఈడీ చాలు, అంతకన్నా పెద్దది లోపలి వేడికి త్వరగా పోతుంది.

మన ఇళ్లలో ఇత్తడి అనగానే చింతపండు తీస్తాం. స్విచ్ భాగాల మీద చింతపండు, నిమ్మకాయ, ఉప్పు వద్దు. ఆ పులుపు మరల్లో, ఫైబర్ ముక్కలో దూరి చిలుము పుట్టిస్తుంది, వానాకాలంలో అదే తడిని పట్టి ఉంచుతుంది. తోమాలనుకుంటే మూత ఒక్కటే విడిగా తీసి తోమి, కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి బిగించండి. గోడ మీద ఉండగా పాలిష్ రాయడం మాత్రం చేయకండి.

ఇవన్నీ చేశాక కూడా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకపోతే నేను ఆన్ చేయను. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషికి 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. పాత ఫిట్టింగులున్న లైట్లకి విడిగా ఒక ఆర్‌సీబీఓ (ఆ రెండు పనులూ ఒక్కటే చేసేది) ఇస్తే, వానల్లో ఎక్కడైనా చెమ్మ తగిలి అది పడినా ఫ్రిజ్ ఆగదు. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఎర్తింగ్ కూడా కొలిపించండి. మన ఊరి నేల చాలాచోట్ల బండ, పైన రెండడుగుల మొరం. ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ గుంత ఎండిపోయి రీడింగ్ బాగా పెరుగుతుంది. గుంతలో నీళ్లు పోయించాల్సింది అపార్ట్‌మెంట్ అసోసియేషన్, వాళ్లని అడగండి. 5 ఓమ్‌ల లోపు ఉంటే నాకు ధీమాగా ఉంటుంది.

సాకెట్లు ఎందుకు వద్దన్నానంటే, వాటికి ఎర్త్ రంధ్రం లేదు, పిన్ను లేనప్పుడు రంధ్రాల్ని మూసి ఉంచే షట్టర్ లేదు. పాకే పిల్లలు ఇంటికొస్తే వాళ్ల ఎత్తులోనే అవి ఉంటాయి. అంతకుమించి చెప్పాల్సింది లేదు.

ఇంకా కొన్ని కొందామనుకుంటే చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్‌లో, గురువారాలు జుమ్మేరాత్ బజార్‌లో దొరుకుతాయి. అక్కడ కొన్నవాటి చరిత్ర మనకి తెలియదు కాబట్టి అవి ఎన్ని పరీక్షలు నెగ్గినా 24 వోల్టుల మీదే పెట్టండి. అమెరికానుంచి బంధువులు ముత్యపు చిప్ప చుక్కలున్న పుష్ బటన్ స్విచ్‌లు తెచ్చిపెడుతుంటారు. వాటి మీద 125 వోల్టులని ఉంటే మన 230కి పనికిరావు. పాత రూపంలో కొత్తగా చేసిన ఇత్తడి స్విచ్‌లు ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి. ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 3854 అన్న అంకె, వెనక ఎర్త్ స్క్రూ, ఈ మూడూ ఉంటే ఇబ్బంది లేకుండా నేరుగా వాడుకోవచ్చు.

ఈ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, మీరు చేయాల్సింది విప్పి చూడడం వరకే. మీవాడు స్క్రాప్ అన్నాడంటే భయపడి అన్నాడు, ఆ భయం మంచిదే. ఈ సమాధానం ఆయనకి చూపించండి. అన్నిటికన్నా ముందు ఒకటి అడగండి. గోడలకి గాడి కొట్టడం అయిపోయిందా? పుట్టీ పడకముందే డీబీనుంచి ఆ నాలుగు ఇత్తడి స్విచ్‌ల చోట్లకి విడిగా ఒక్కో ముప్పావు అంగుళం పైపు వేయించుకోవాలి, తర్వాత గోడ పగలగొట్టాల్సి వస్తుంది. ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. స్విచ్‌లు విప్పాక లోపలి ఫోటోలు ఇక్కడ పెడితే ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఒక్కొక్కటి చూసి చెప్తాను.